అల్లుడుగారి కోతలు

గాలివానకు పెరట్లో కూలిన చెట్టు ముందు, అద్దెకు తెచ్చిన చైన్‌సాతో అల్లుడు నిలబడ్డాడు. “నాకది వెన్నతో పెట్టిన విద్య” అని నిన్న అత్తగారి ముందు కోతలు కోశాడు.

“హెల్మెట్ పెట్టుకున్నారా అల్లుడుగారూ?”

“కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు కూడానండీ. మీరు గుమ్మం దాటి రాకండి.”

“రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. భుజం దాటి పైకెత్తకండి.”

“అలాగే అత్తయ్యగారూ.”

స్టార్ట్ చేసే తాడు లాగాడు. మిషన్ ఉలకలేదు, పలకలేదు. మళ్లీ లాగాడు.

“పెట్రోలు పోశారా?”

“లేదండీ.”

“మరి పోయండి!”

“పోస్తే స్టార్టవుతుంది కదండీ!”

అత్తగారు నవ్వాపుకున్నారు.

“చెట్లు కొట్టేవాళ్లకు పొద్దున్నే ఫోన్ చేశాన్లెండి. వాళ్లొచ్చేలోగా అలాగే నిలబడండి, అమ్మాయి ఫొటో తీస్తుంది.”