యాడుండాదని అడిగే టీచరమ్మ

కూచో తల్లీ, ఎండలో నిలబడొద్దు, ఈ కట్టమీద కూచో. సహన అంటివి కదా పేరు? ఇస్కూలుకు రాలేని పిల్లోళ్ళకు ఇండ్లకాడికే వచ్చి పాఠం చెప్తానంటివి. సరే. ఎవరు పంపిరి నిన్ను? సిరుగుప్పోళ్ళా, బళ్ళారోళ్ళా? కాగితం చూపిస్తే నాకేం తెలుస్తాది, నాకు చూపానదు. ఆ, భూమిక నా మనవరాలే, మా కొట్రేశ్ కూతురు. ఏడేండ్లు నిండినా దానికి మాటలు సరిగా రావు, నిజమే. చూపిస్తాలే, తొందరేముంది. ముందు ఆ ఫోను సంచిలో పెట్టు. ఫోటో తీయనంటావు, అందరూ అట్లే అంటారు. ఆ డబ్బాలో ఏముండాది? చెండు, గ్లాసు, గుడ్డబొమ్మ. ఓహో. నీ మాదిరే ఇంకొకాయమ్మ వస్తాండె మా హచ్చొళ్ళికి, సుబ్బరత్నమ్మ అని. నువ్వప్పుడు పుట్టింటావో లేదో. బక్క మనిషి. సిరుగుప్ప బస్సు దిగి, చీర ఎత్తి దోపుకొని, ఎవర్నీ పలకరించకుండా నేరుగా మా ఎదురింటికి పోతాండె. ఎదురిల్లంటే ఎల్లక్కది, అదో, ఆ నీలం తలుపు. ఎల్లక్క కూతురు నింగమ్మ మా భూమిక మాదిరే. ఏం కావాల్నన్నా మన చెయ్యి పట్టుకొని గుంజకపోయి చూపించేది గానీ నోరు తెరిచేది కాదు. వాళ్ళ నాయన గాళెప్ప నగుతాండె, "దీనికి పాఠం చెప్పేదానికి సిరుగుప్ప నుంచి మనిషి వస్తాదంట, మా ఎద్దుక్కూడ రెండు ముక్కలు చెప్పిపోమ్మా" అని.

ఆయమ్మ పలక తీయల్యా, బలపం తీయల్యా. కోళ్ళు మూసే గంప అడిగె. కోడిపిల్లను పట్టి గంప కింద మూసి, "నింగీ, పిల్ల యాడ?" అనె. ఆ పిల్ల అట్లే చూస్తాంది. "కింద. గంప కింద" అని తానే చెప్పె. ఎత్తె, మూసె, ఎత్తె, మూసె. కోడిపిల్లకు గూడ ఇసుగొచ్చింటాది. ఆ దినమంతా కిందే, మళ్ళొచ్చినప్పుడూ కిందే. నేను ఈన్నే కూచోని చూస్తాంటి కదా, ఉండలేక అడిగితి, ఏమ్మా, పైన అనేది ఎప్పుడు చెప్తావు అని. "రెండూ ఒకేతూరి చెప్తే కలిసిపోతాయి తిప్పన్నా, ఒకటి గట్టిగా పట్టుకోనీ" అనె. పిల్లను మంచం కింద దూరమని, పిల్ల దూరకుంటే తాను దూరె. నెరిసిన తల, మంచం కింద నుంచి "సుబ్బరత్న యాడ?" అంటాంటే మా ఆడోళ్ళు నగలేక సచ్చిరి. ఆమేల లోపల, ఆమేల బయట, ఆమేల తలుపు ఎనక. ఒకతూరి పైఆఫీసరు వచ్చి, "లోపల బయట అనేదాన్ని ఒళగె హొరగె అని కన్నడలో నేర్పమ్మా, రేపు ఇస్కూల్లో అదే కదా" అంటే, "వాళ్ళమ్మ ఏ మాట అంటాదో ఆ మాట ముందు రానీ సార్" అనె. మనిషి నెమ్మదే, మాట మాత్రం వంగదు.

నాకు మాత్రం మొదుట్నుంచీ అనుమానమే, దాచేదేముంది. పాఠమంటే అ ఆ ఉండాల. ఈమె అడిగేది మంచం కింద ఏముండాది, పెట్టె లోపల ఏముండాది, డ్రమ్ము ఎనక ఏముండాది. ఇల్లు సోదా చేసే మాటలు కాదా ఇవి? పెద్దోళ్ళను అడిగితే చెప్పరు, నోట్లో మాట లేని పిల్లకు మాట పెట్టి అడుగుతాండాది అనుకొంటి. అదీగాక మా దిక్కు మనిషి గడప దాటేటప్పుడు యాడికని అడగగూడదు, నీకు తెల్సింటాది. అడిగితే ఎనక్కి తిరిగి, కూచోని, ఇన్ని నీళ్ళు తాగి మళ్ళ బయలుదేరాల. ఆయమ్మ నేర్పినాక నింగి పొద్దున్నే వాకిట్లో కూచోని, పోయేటోళ్ళను, వచ్చేటోళ్ళను, "యాడ?" "యాడ?" అనేది. గాళెప్ప వడ్లేసుకొని ట్రాక్టరెక్కినాడు మిల్లుకు పోదామని. "నాయన యాడ?" అనె. దిగె, కూచునె, నీళ్ళు తాగె. ఎక్కె. "నాయన యాడ?" మళ్ళ దిగె. ట్రాక్టరు గుడగుడమని కొట్టుకుంటాంది, వాడేమో చెంబు పట్టుకొని పెళ్ళాం మీద అరుస్తాడు, "దాని నోరు మూయే, నీళ్ళు తాగి తాగి నా కడుపు చెరువైపాయ!" అని. ఇంకో దినం గాళెప్ప అత్త వచ్చింటే, బిడ్డ ఎంత బాగ చెప్తాదో చూడమ్మా అని ఎల్లక్క మురుసుకుంటా "చెంబు యాడ?" అని అడిగితే, నింగి చెంబు సంగతి చెప్పి ఊరుకోల్యా, "నాయన సీసా డ్రమ్ము ఎనక" అనె. అత్త ముందర! గాళెప్ప ఆ పొద్దు ఇంట్లో బువ్వ తినల్యా. నా కాడికొచ్చి, "తిప్పన్నా, ఆమె టీచరు కాదప్పా, పోలీసోళ్ళ మనిషి" అనె. నేను కాదనల్యా.

ఆమేల కాలువకు నీళ్ళు ఇడిసిరి, నాట్లు మొదులాయ. ఇంగ ఇండ్లలో ఎవరుంటారు. ఎల్లక్క గూడ మొగునితో నాటుకు పోవాల, పోకుంటే పొయ్యి రగలదు. కాలువ చూస్తివి కదా, ఇండ్ల ఎనకే పారుతాది. మాట రాని పిల్ల జారితే అరవను గూడ అరవదు. అందుకని లోపల బెట్టి, చెంబుతో నీళ్ళు, గిన్నెలో మండక్కి, అదే బొరుగులు, పెట్టి, బీగమేసి పోతాండె. ఏండ్లుగా అంతే. ఊర్లో తెలీనోళ్ళు లేరు. ఆ పొద్దు సుబ్బరత్నమ్మ రావాల్సిన దినం కాదు, ఎందుకొచ్చెనో. తలుపు తట్టె. లోపల్నుంచి వినబడె, "నింగి లోపల." ఏడుపు కాదు తల్లీ, పాఠం ఒప్పజెప్పినట్లే. "నింగి లోపల. బీగం బయట." ఈదిలో ఉండేటోళ్ళమంతా వింటిమి. ఆ పిల్ల ఆ తలుపెనక ఉండాదని మాకు తెల్సు, కానీ అది ఎప్పుడూ చెప్పల్యా కదా. చెప్పనంతసేపు ఎవరిపాటికి వాళ్ళు పోతాంటిమి. బీగం పగలగొడ్తాదేమో, గలాట అయితాది అనుకొంటి. పగలగొట్టల్యా. గడప ముందర కూచోని తలుపు సందులో ఏలు పెట్టె. "నా ఏలు యాడ?" "లోపల." "నేను యాడ?" "బయట." "అమ్మ యాడ?" మడి అనే మాట దానికింకా చెప్పల్యా కదా.

పొద్దు దిగినాక ఎల్లక్క వచ్చె, మోకాళ్ళ దాంకా బురద. టీచరమ్మను చూసి గయ్యిమనె, "ఏం చేయమంటావు నన్ను? కాలువను ఎత్తి పక్కన పెట్టమంటావా?" ఆయమ్మ నెమ్మదిగా, "రేపు దాన్ని మడికి తీసుకపో, నేను గూడ వస్తా" అనె. నిజంగానే వచ్చె. గట్టు మీద నడిపిచ్చి, నిలబెట్టి, కూచోబెట్టి, "నింగి యాడ?" "గట్టు మీద." నీళ్ళలో కాలు పెడితే ఎనక్కి తెచ్చి మళ్ళ అదే. నాటేసే ఆడోళ్ళు వంగితే మళ్ళ లేసేదెప్పుడు? ఎల్లక్క వంగినట్లే వంగి చెవి ఆ దిక్కు పెట్టుకొనేది. "నింగి గట్టు మీద!" అని కూతేస్తాంటే సాలు ముందుకు పోతాండె. అది ఆగితే ఎల్లక్క చెయ్యి ఆగేది. ఇప్పుడు నింగమ్మ పెద్దదాయ, నారు కట్టలు అందిస్తాది, అయినా కూతేసేది మానల్యా.

మంచి పనే, నేను కాదంటానా? కానీ ఆ వారంలోనే జీపొచ్చె. పిల్లకు బీగమేసి పెడ్తారంట మీరు అని గాళెప్పను నడీదిలో నిలబెట్టి అడిగిరి, కేసంటిరి, జైలంటిరి. ఎవరు చెప్పిరి వాళ్ళకు? "నేను చెప్పలేదు, నాకు పిల్లతోనే పని" అనె సుబ్బరత్నమ్మ. ఎల్లక్క నమ్మె. ఊర్లో ఇంకెవరూ నమ్మల్యా. రావద్దమ్మా అనిరి, రాల్యా. ఆదోని దిక్కు పాయ అనిరి, కొన్నాళ్ళకు సచ్చిపాయ అనిరి. ఈ పొద్దుకూ నాకు అనుమానమే. అందుకే అడుగుతాండా తల్లీ, నువ్వు మా ఇంట్లో చూసింది, విన్నది, యాడికి పోయి ఎవరికి చెప్తావు? చెప్పవా. ఒట్టేస్తావా. ఊ.

ఏంది? భూమిక యాడుండాదా? ఉండాది. ఇంట్లోనే. వాళ్ళ అమ్మ, నాయన నాటుకు పోయినారు. నేను కావలుండా కదా. లేదు, పండుకోల్యా. నా కాళ్ళు చూడు, ఎట్ల వాచినాయో, అది కాలువ దిక్కు ఉరికితే నేను పట్టుకోగల్నా? అట్ల తలుపు దిక్కు చూడొద్దు. కూచో, లెయ్యొద్దు. తీయమని నన్ను అడిగితే ఏం లాభం? తాళంచెవి మా కోడలు మంజుశ్రీ నడుముకు దోపుకొని పాయ.

నాక్కూడ ఇయ్యల్యా.