తుమ్మచెక్క పట్టించిన సొక్కా

మా సెల్లి కాసులమ్మ ఉంది సూడండి, అది పుట్టుక నుంచీ భయస్తురాలు. ఏటకెళ్ళీ ఇంట్లో పుట్టి, ఏటకెళ్ళీవోడినే కట్టుకుని, సముద్రమంటే ఒణికీదంటే ఎవులైనా నవ్వుతారు కదా. నానూ నవ్వీదాన్ని. మరి దాని మొగుడు ఒక పొద్దున ఏటకెళ్ళినోడు తిరిగి రాలేదు. మూడు దినాలు రేవులో కూసుని సూసింది. పడవొచ్చింది, మనిషి రాలేదు. అప్పట్నుంచి నవ్వడం మానీసాను అనుకోండి. ఆ దినం నుంచీ అది నీళ్ళల్లో కాలెట్టలేదు, రెండే ముక్కలు పట్టుకుంది. నా గుంటకి నీళ్ళొద్దు, నా గుంట మీద ఎవులి కళ్ళూ పడొద్దు. ఆ గుంటే పోలేశ్వరి, దాని కూతురు. అదేమో నడక రాకముందే ఈత నేర్సినట్టుండీది. ఎంత పట్టి ఆపినా నీళ్ళ కాడికే. ఓలె, ఎర్ర రిబ్బన్ గుంటా, ఆ తొట్టిలో ఈత సొక్కా పిండకే. కబుర్లు ఇంటూ పిండేస్తన్నావు. ఉత్తినే పైకెత్తి పట్టుకో, నీళ్ళు అవే కారిపోతాయి.

ఏటైందంటే, పట్నం నుంచి హిమజ మేడం అనొకావిడొచ్చినాది. బోర్డు మీద నిలబడి తెడ్డేసుకుంటూ వెళ్ళీ ఆట ఉంది కదా, అది మన రేవు ఆడపిల్లలకి నేర్పుతానన్నాది. ఓణీలు, చున్నీలు ఏసుకుని నీళ్ళల్లోకొస్తే కాళ్ళకి సుట్టుకుంటాయని, అందరికీ ఈత సొక్కాలు తెచ్చినాది. మెడ కాడ్నించి తొడల దాకా ఒకటే బట్ట, సేతులు మణికట్టు దాకా. ఆ సేతులెందుకంటే ఎండకి ఒళ్ళు మాడకుండా, జెల్లిచేపలు అంటుకుంటే మంటెత్తకుండా, బోర్డు రాసుకుని తోలు లేసిపోకుండా అంట. పోలేశ్వరి పెట్టెలో సెయ్యెట్టి నీలం రంగుది తీసిందంట. సముద్రం రంగు బాగుంది కదా మేడం అనిందంట. ఆవిడ దాన్ని లాగీసుకుని, "నీళ్ళలో పడితే నీళ్ళ రంగు బట్టని ఎవరు చూస్తారమ్మా, నారింజది తీసుకో" అనీసిందంట. తొడిగించి, రెండు సేతులూ పైకెత్తమంది, గొంతుక్కూచోమంది, లెగమంది. చంక కాడ పట్టకూడదు, కుట్లు ఒంటికి గీసుకోకూడదు, మణికట్టు కాడ వేలు దూరకూడదు, దూరిందంటే నీళ్ళు నిండుతాయి అన్నాది. ఇప్పినాక మంచినీళ్ళలో తడిపి నీడలో ఆరేసుకోండి, వేన్నీళ్ళు పొయ్యొద్దు, బండకేసి బాదొద్దు అన్నాది. ఆ గుంట ఇంటికొచ్చి తల్లికి అక్షరం పొల్లు పోకుండా సెప్పినాది. మా కాసులు అన్నిట్లోనూ ఇన్నది ఒకటే ముక్క. నారింజ రంగు, దూరం నుంచి కనపడతాది.

ఆ ముక్క దాన్ని తినీసింది. పైగా సేపలెండబెట్టీ ఆడోళ్ళు ఊరుకుంటారా? మీ పోలేశ్వరి దీపస్తంభం కాడ్నించి కూడా కనపడతందే అని ఒకర్తి, ఒళ్ళతుక్కుపోయిన ఆ బట్టేటే అని ఇంకొకర్తి. అది ఏడుసుకుంటూ నా కాడికొచ్చి, అప్పా, దీనికి రంగు పోగొట్టాల, నా గుంట ఎవులికీ కనపడకూడదు అన్నాది. మీకు తెలీదు గాని, మా తాతల కాలంలో నూలు వలలుండీవి. తుమ్మచెక్క, అదే తుమ్మచెట్టు బెరడు, బానలో మరగబెట్టి ఆ రసంలో వలని ఉడకబెట్టీవోరు. వల కుళ్ళదు, గట్టిపడతాది, నల్లగోధుమ రంగొచ్చి సేపకి కనపడదు. నైలాన్ వలలొచ్చాక ఆ పనే పోనాది. నా అటక మీద మాత్రం ఒక గోనె తుమ్మచెక్క ఉండిపోనాది. నానే తీసిచ్చాను. ఏటి దాస్తాను, పొయ్యి ముట్టించింది కూడా నానే. సేపకే కనపడనిది మనుషులకేటి కనపడతాదే అన్నాను. ఆ మాట నా సెవిలో ఇప్పటికీ ఉంది. మధ్యాన్నం ఎక్కించి పొద్దుగూకీదాకా ఉడకబెట్టాం. తీసి సూస్తే నానిపోయిన దుంగ రంగు. సెయ్యి పట్టుకుని లాగాను. సాగింది. వొదిలితే ఎనక్కి రాలేదు. నాను సూసాను తల్లీ. సూసి ఊరుకున్నాను.

తెల్లారగట్ల పోలేశ్వరి దండెం మీద సొక్కా తీసుకుని, ఇదేటమ్మా అన్నాదంట. దిష్టి తగలకుండా అన్నాదంట కాసులు. ఆ గుంట కోప్పడలేదంట, తల్లి మొకం సూసి. వారంలో బోర్డు పందెం, వేరే సొక్కా లేదు. అదే తొడుక్కుంది. మణికట్టు కాడ వొదులైపోతే జడకెట్టుకునీ రబ్బరు బేండ్లు రెండు సేతులకీ బిగించుకుని, మేడం రాకముందే ఒక్కర్తీ వెళ్ళిపోనాది. పొద్దు పొడిసేసరికి గట్టుగాలి లెగిసింది. గట్టు నుంచి లోపలికి తోసీ గాలి అది, బలంగా ఉంటాది. ఎనిమిదింటికి బోర్డు ఒక్కటీ, నీళ్ళల్లో ఇసకదిబ్బ ఉంది కదా, దాని పక్కకొచ్చి తేలింది. కాలికి కట్టుకునీ తాడు తెగిపోయుంది.

అయిదు పడవలు దించారు. మేడం రేవంతా పరిగెడతా ఒక్కో పడవోడికీ, "నారింజ రంగు, నారింజ రంగు చూడండి" అని అరుస్తన్నాది. కాసులు నా సెయ్యట్టుకునుంది. అది నా మొకం సూసింది, నాను దాని మొకం సూసాను. ఇద్దరికీ తెలుసు, నీళ్ళల్లో నారింజ లేదని. సెప్పాల కదా? నా నాలిక లెగలేదు. సెప్తే రేవంతా నన్నేటంటాది అనుకున్నాను. గుంట నీళ్ళల్లో ఉంటే నాను అనుకున్నది అది. పడవలు ఇంకా లోపలికెళ్ళిపోతన్నాయి. అలాగ గంటయ్యింది. గరగయ్య పడవ ఎనక్కొచ్చింది. ఎక్కడా నారింజ లేదమ్మా, దిబ్బ అవతల ఒక తాబేలు తేల్తంది, అంతే అన్నాడు. తాబేళ్ళు గుడ్లకొచ్చీ నెల అది. అప్పుడు కాసులు నా సెయ్యి వొదిలీసింది. మొగుడు పోయిన కాడ్నించీ పాదం తడపనిది, నడుం లోతుకి దిగిపోయి పడవ అంచు పట్టీసుకుంది. గరగయ్య మావా, అది తాబేలు కాదు, నా కూతురు. సొక్కా నారింజ కాదు మావా, తుమ్మచెక్క రంగు, నానే ఉడకబెట్టాను అన్నాది. నానే అన్నాది. తుమ్మచెక్క మా అప్పిచ్చింది అనలేదు. మేవిద్దరం ఉడకబెట్టాం అనలేదు. పడవ అంచు మీద పొట్టెట్టి దొర్లుకుంటా లోపలికెక్కీసింది.

నాను గట్టునే ఉండిపోయాను. ఎంతసేపో తెలీదు. దాని మొగుడికోసం సూసినప్పుడు దాని పక్కన నానున్నాను, ఇప్పుడు నా పక్కన ఎవులూ లేరు. పడవొచ్చినాక కూడా తలెత్తి సూడ్డానికి భయమేసింది. గుంట బతికుంది. పెదాలు నీలిగా అయిపోయి, తల్లి ఒళ్ళో. బేండ్లు తెగిపోయి సొక్కా సేతులు రెండూ నీళ్ళు నిండి సంచుల్లా ఏలాడతన్నాయి. ఆ బరువుతో ఈదలేక, ఎల్లకిలా తేలి ఉందంట. దానికి మాటొచ్చాక సెప్పినాది. గరగయ్య తాత పడవ నా పక్కనించే వెళ్ళిందమ్మా, తాత బీడీ ముట్టించుకోడం కూడా కనపడింది, సెయ్యెత్తాను, గొంతు రాలేదు, తాత నా వైపు సూసి మొకం తిప్పీసుకున్నాడు, అన్నాది. కాసులు ఏం కోరుకుందో సరిగ్గా అదే జరిగింది. ఎవులి కళ్ళూ దాని మీద ఆగలేదు.

పోలేశ్వరి మళ్ళీ నీళ్ళల్లోకి వెళ్ళింది. వెళ్ళకేటి. నారింజ సొక్కా కాసులే సొయంగా కొని తెచ్చినాది, గట్టు మీద నిలబడి దాని మీదే కళ్ళెట్టుకుని ఉంటాది. నానేమో ఈ తొట్టి కాడ కూసుని మీ అందరి సొక్కాలూ తడిపి నీడలో ఆరేస్తన్నాను. నెలకోసారి ఒక్కోదాన్నీ లాగి సూస్తాను, ఎనక్కి రాకపోతే కత్తెరేసీడమే, అప్పుడు మీరు ఏడిసినా ఇనను. ఊరుకుంటే ఏటౌతాదో నాకు తెలుసు. తుమ్మచెక్క నానిచ్చానని ఈ రేవులో ఇప్పటిదాకా ఎవులికీ తెలీదు. పదేళ్ళయినా కాసులు నా పేరు ఎత్తలేదు. ఇప్పుడు మీకు తెలిసింది, వెళ్ళి ఊరంతా సెప్పుకోండి, నాకేటి భయం లేదు. అదిగో, ఆ చివర నిలబడ్డ గుంటా, నిన్నే. ఆ నీలం సొక్కా ఎవులిచ్చారే నీకు? ఇప్పీసి వేరేది తెచ్చుకో. అప్పటిదాకా నీళ్ళల్లో కాలెట్టావంటే ఊరుకోను.