లేపే దిక్కులేని నిద్ర

తొంభై ఆరులో నాచారంలోని ఓ చిన్న కంపెనీ. సారమ్మ తయారుచేసిన కార్డు పెట్టగానే కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది. తప్పు కార్డుదేనని, దాన్ని నడిపే ప్రోగ్రామ్ రాసిన ఉమామహేశ్వర్ పొద్దున చెబితే, యజమాని ఆ కార్డే వద్దన్నాడు. సారమ్మకు ఆ సంగతి ఇంకా తెలియదు.

"అన్నా, నీ కోడ్ జర సూడనా?"

"సూడు. నేనైతే నాలుగుసార్లు సూసిన."

"కార్డు పిలువంగనే ఉరికే గీ ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ల మెమరీ అడుగుతున్నవ్. దొరకకపోతే?"

"దొరికేదాంక పండుకుంటది. మామూలు ప్రోగ్రామ్ గట్లనే జేస్తది గద."

"ప్రోగ్రామ్‌కు సొంత ప్రాసెస్ ఉంటది. పండుకుంటే, అన్నిటిని నడిపే కెర్నల్ దాన్ని మళ్ల లేపుతది. హ్యాండ్లర్‌కు సొంత ప్రాసెస్ లేదన్నా. నడుస్తున్న వేరే ప్రాసెస్‌ను ఆపి నడుమల దూరుతది. గిది పండుకుంటే ఎవర్ని లేపాలె?"

ఉమామహేశ్వర్‌కు చెవులు వేడెక్కాయి.

"అంటే మెమరీ ముందుగాలనే తీసి పెట్టుకోవాలె."

"గంతే. హ్యాండ్లర్ డేటా తీస్కొని ఎంబడే బయటపడాలె."

అతను నాలుగు లైన్లు మార్చాడు. ఈసారి కార్డు పంపే అంకెలు తెర మీద ఆగకుండా వచ్చాయి. సారమ్మ హాయిగా నవ్వింది.

"తిందాం పా అన్నా, ఆకలైతుంది."

"నువ్వు తింటుండు. నేను సారు రూముకు పోయొస్త."

"ఇప్పుడెందుకు?"

"పొద్దుగాల నీ కార్డు పేరు జెప్పిన. నా పేరు జెప్పొస్త."