నాలుగు బెల్లుల పిన్ని

గది చూసొచ్చావా తల్లీ? ఎన్ని వాటాలు ఆ ఇంట్లో? మేమూ నాలుగు వాటాల ఇంట్లోనే ఉండేవాళ్లం. వీధి తలుపు ఒక్కటే, బెల్లూ ఒక్కటే. ఒకసారి కొడితే ఓనరుకి, రెండుసార్లయితే కింద గదిలో గడియారాల మేస్త్రీకి, మూడైతే నాకు. అప్పుడు కాంపౌండర్ని, పెళ్లీ గిళ్లీ ఏం లేదు. నాలుగు కొడితే మేడమీద పిన్నికి. సొంత పిన్ని కాదులే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన మనిషి, అందరం అలా పిలిచేవాళ్లం. ఎవరి బెల్లుకి వాళ్లే తలుపు తీయాలి. పొరపాటున ఇంకొకరిది తీశామా, ఓనరు ఇంతెత్తున లేచేవాడు, "పక్కవాళ్ల చుట్టాలతో నీకేం పనయ్యా!" అని. మంచి నియమంలే, మనుషులు మొహాలు చూసుకోకుండా బతకడానికి.

ఎక్కడున్నాను? ఆ, ఆ ఇంట్లో దొంగ పడ్డాడు. ఓ మధ్యాహ్నం ఓనరు ఇంట్లో లేడు, మేస్త్రీ వెనక వంటింట్లో అన్నం తినొచ్చేసరికి బాగుకొచ్చిన వాచీలన్నీ మాయం. దొంగ దొరికాడు. మరి లోపలికెలా వచ్చాడు? ఓనరేమో "కిటికీ ఊచ వంచాడు" అంటాడు, మేస్త్రీ "కాదు, మేడ మీంచి దిగాడు" అంటాడు. పోలీసులు మాత్రం "గడియ చెక్కుచెదరలేదు, లోపలివాళ్లే తీశారు" అని నా మీద పడ్డారు. జ్వరమొచ్చి ఇంట్లో ఒళ్లు తెలీకుండా పడున్నా మరి. ఆ దొంగవెధవ ఎవర్ని చూపించి "తలుపు తీసింది వీడేనా?" అన్నా తలూపుతున్నాడు. నా ఉద్యోగం, పరువు అన్నీ గోవిందా అనుకున్నా. పిన్ని సంగతి ఎవరికీ తట్టనేలేదు. ఆవిడకి వచ్చేవాళ్లుంటే కదా!

కోర్టులో ఆవిడే లేచింది. "నేనే తీశానండీ. నాలుగు బెల్లులు మోగాయి" అంది. వాడికేం తెలుసు లెక్క, ఎవరూ పలకట్లేదని కొడుతూ పోయాడు. ఈవిడ గబగబా ఇస్త్రీ చీర కట్టుకుని దిగిందట. మంచినీళ్లడిగితే "ఎండనపడి వచ్చావు, కూర్చో, టీ పెడతా" అని పైకెళ్లిందట. టీ తెచ్చేసరికి మనిషి లేడు. ఇది బయటపడితే ఓనరు ఇల్లు ఖాళీ చేయిస్తాడని తెలుసు ఆవిడకి. చేయించాడు కూడా. తెలిసే చెప్పింది, నాకోసం.

జడ్జిగారు అడిగారు, "ఎవరని అడక్కుండా తలుపెలా తీశావమ్మా?" అని. హాలంతా నవ్వులు. పిన్ని చీర కొంగు సర్దుకుని, "అడిగితే నాకోసం కాదంటాడేమోనని, బాబూ" అంది.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు తల్లీ.