నువ్వు తల్లివి, నేను టీచర్‌ను

కర్నూలు నుంచి మంత్రాలయం పోయే బస్సు కోడుమూరు దాటింది. శిక్షణ ముగించుకుని పక్కపక్క ఊళ్ళకు తిరిగి పోతున్న ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు: కిటికీ పక్కన శివజ్యోతి, ఆమెను ఆనుకుని పెద్దామె కృష్ణవేణమ్మ.

"అట్ల గాదు జ్యోతీ. నవ్వగాకు. నువ్వు తల్లివి, నేను టీచర్‌ను. ఇంకొకసారి."

"ఎన్ని సార్లక్కా? మూడు దినాలు హాల్లో ఇదే ఆట ఆడించిరి గదా. బస్సులో గూడా ఏంటికి?"

"రేపు నేను నిజంగా చెప్పల్ల. మా ఊర్లో హనుమేష్ పెండ్లానికి, నీ కొడుకు తీరు వేరేగా ఉండాది, చూపించుకో అని. హాల్లో ఉన్నంతసేపు అంతా వచ్చినట్లే ఉండె. ఇప్పుడు తలుచుకుంటే ఒక్క మాట గూడా గుర్తుకు రాల్యా. ఇదో, మొదలుపెడతాండా. కూసోమ్మా. నీ కొడుకు శానా తెలివైనోడు."

"ఆ, ఎనకాల ఇంకేం ఉండాదో అది చెప్పు."

"తల్లి అట్లంటాదా?"

"అనదా మరి? టీచర్ పనిగట్టుకోని పిలిపించి మంచి మాట చెప్తాంటే, తల్లికి ఆ మాత్రం తెలీదా?"

"శిక్షణ మేడం చెప్పె గదా. మొదట మంచి చెప్పల్ల. కండ్లతో చూసిందే చెప్పల్ల. ఆటిజం అనే మాట ముందే ఎత్తగూడదు. నన్ను చెప్పనీ. అమ్మా, సెంటర్లో గుడ్ల అట్ట ఉంటాది గదా. దాంట్లో నీ కొడుకు గుంతకొకటి చెనిక్కాయ పెడతాడు. ఎంత ముద్దుగా పెడతాడో."

"అదే గదా, తెలివి శానా వానికి."

"తెలివే. అయితే పక్కపిల్లోడు ఒక్క కాయ తీస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు."

"తనది తీస్తే ఏ పిల్లోడు ఊరుకుంటాడు?"

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు."

"ఆటలో ఉంటాడు గదా."

"ఆటలో లేనప్పుడు గూడా."

"వాండ్ల నాయిన గూడా అంతే. నాలుగేండ్లకు నోరు తెరిచినాడంట, మా అత్త చెప్పె. ఇప్పుడు మూయమంటే మూయడు."

"బాగా చెప్తాండావు. అచ్చం తల్లి మాదిరే."

"నువ్వే గదా తల్లివి అంటివి."

"నీళ్ళు కావల్లంటే నోటితో అడగడమ్మా. నా చెయ్యి పట్టుకోని బిందె దగ్గరికి లాక్కపోతాడు. నా మొగం చూడడు. ఆ చెయ్యి ఒక్కటే కావల్ల వానికి."

"ఉండక్కా, కిటికీ మూస్తా. దుమ్ము వస్తాండాది."

"దుమ్మేం రాలేదు. తల్లి ఏమంటాదో చెప్పు."

"నేను లేచి నిలబడతా. ఊపిరాడల్యా ఈడ."

"యాడికి లేస్తావు? కాలు పెట్టే సందు లేదు, గుడికి పోయే జనమంతా ఈ బస్సులోనే ఉండారు. కూసో. తల్లి ఏమంటాది?"

"టీవీ ఎక్కువ చూస్తాడు, అందుకే అట్లుండాడు అంటాది. స్వామికి మొక్కుకున్యాం, సరిపోతాది అంటాది. మిక్సీ ఏస్తే చెవులు మూసుకోని మంచం కింద దూరేది గూడా భయమే, ఇంకేం గాదు అంటాది. చాలా?"

"మిక్సీ సంగతి నేను చెప్పలేదే."

"మేడం చూపించిన వీడియోలో ఉండె గదా."

"వీడియోలో ఉండేది లారీ హారన్ జ్యోతీ."

"ఏదో ఒకటి. తర్వాత చెప్పు. తల్లిని ఏం చేయమంటావు?"

"కర్నూల్లో పిల్లోల్లకు నేర్పించే కేంద్రం ఉండాది, సోమవారం రమ్మన్యారు, నేనే తోడొస్తా అంటా. వారం వారం పోవల్ల తల్లీ, ఈ వయసులో నేర్పించినట్ల తర్వాత నేర్పించలేం అంటా. దీంట్లో నీ తప్పేం లేదు అంటా."

"హనుమేష్ పెండ్లానికి."

"ఆ. హనుమేష్ పెండ్లానికి."

"హనుమేష్‌కు ఇద్దరూ ఆడపిల్లోల్లే గదక్కా. పెద్దది బడికి పోతాండాది."

"జ్యోతీ."

"చెప్పు."

"పోయిన నెల మీటింగుకు మీ సెంటర్‌కు వచ్చినా గదా. నీ కొడుకు పరమేష్‌ను ఆ పొద్దంతా చూస్తాంటి. అప్పట్నుంచి చెప్పల్లని ఉండాది, నోరు రాల్యా. అందుకే ఇట్ల ఆట పెట్టుకోని చెప్తి. కోపం చేసుకోగాకు తల్లీ."

"కోపమేం లేదు. నాకు శిక్షణలో మొదటి దినమే తెలిసిపాయ. వీడియోలో ఆ పిల్లోడు వాండ్లమ్మ చెయ్యి పట్టుకోని లాగుతాంటే, నా మణికట్టు నొచ్చె."

"తెలిసి గూడా ఇంతసేపు నాతో ఏంటికి వాదిస్తివి?"

"ఎవురన్నా నాకు చెప్తే ఎట్లుంటాదో ఇందామని. నాకు చెప్పేదానికి ఎవురుండారు? ఊర్లో తల్లులకంతా చెప్పేదాన్ని నేనే."

"ఏడ్వగాకు. మంది చూస్తాండారు."

"ఏడ్వల్యా. బస్సు స్టేజీ కాడ మా అత్త వాన్ని ఎత్తుకోని నిలబడి ఉంటాది. ఈ కండ్లు చూస్తే అడుగుతాది."

"అడిగితే చెప్పు. ఎట్లైనా చెప్పల్ల గదా."

"ఎట్ల చెప్పేది? మొన్న బయల్దేరుతాంటే ఏమన్యాది తెలుసా? ఊరి పిల్లోల్లకందరికీ మాటలు నేర్పిస్తావు, నీ కొడుక్కు ఒక్క మాట నేర్పించలేకపోతివి, ఆ ఉద్యోగం మాని ఇంట్లో కూసో అన్యాది. ఇప్పుడు పోయి వీనికిట్లుండాది అంటే నన్ను గడప దాటనీరు. నేను దాటకపోతే వాన్ని సెంటర్‌కు ఎవురు తీసుకపోతారు? వాడు నలుగురు పిల్లోల్ల మధ్యన కూసునేది ఆడొక్కటే అక్కా. ఇంట్లో అయితే పరిగెత్తుతాడని గడియ పెడతారు."

"అయితే చెప్పద్దు. ఊరకుండు."

"ఊరకుంటే సోమవారం కర్నూలుకు ఎట్ల తీసుకపోయేది? వారం వారం యాడికి పోతాండానని చెప్పల్ల? యా పక్క తిరిగినా గోడే."

"మీ ఆయన బసవరాజ్‌తో చెప్పిస్తే?"

"ఆయప్ప వాండ్లమ్మ మొగం చూసి మాట్లాడతాడు."

"మరి ఏం చేస్తావు?"

"ఇప్పుడు నువ్వు మా అత్తవు కావల్ల. నేను నేనే. వంక బ్రిడ్జి దాటితే మా స్టేజీ వస్తాది, ఆ లోపల ఒకసారి చెప్పి చూస్తా."

"నాకు రాదమ్మా ఆ నోరు."

"తెచ్చుకో. మెత్తగా మాట్లాడితే నాకు పనికి రాదు."

"సరే. ఏమ్మే, ఏం నేర్పించి పంపించిరి మీ మేడములు?"

"అత్తా, మన పరమేష్ శానా తెలివైనోడు."

"తెలివుంటే మాట ఏంటికి రాల్యా?"

"అదే చెప్తాండా అత్తా. అందరి పిల్లోల్ల మాదిరి గాదంట వీనిది. వీనికి వేరే తీరుగా నేర్పించల్లంట. నేర్పిస్తే నేర్చుకుంటాడు. కర్నూల్లో ఒక కేంద్రం..."

"నువ్వు ఊరోల్ల బిడ్డలను ఆడించకుండా ఇంట్లో ఉండింటే, వాడు ఇట్లయ్యేటోడా?"

"ఆ మాట..."

"నన్ను చూసి చెప్పు. అయ్యేటోడా?"

"కాడేమో."

"ఏం మాట జ్యోతీ అది? తల్లి తప్పు గాదని హాల్లో అందరం గొంతెత్తి చెప్తిమి గదా."

"అందరి కంటే గట్టిగా నేనే చెప్తి. ఆమె అడిగినప్పుడు మాత్రం ఆమె చెప్పేదే నిజమేమో అనిపిస్తాది అక్కా. వాడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను సెంటర్లోనే ఉంటి గదా. వేరే పిల్లోల్లకు పాటలు పాడతాంటి."

"నేను గూడా నా పిల్లోల్లను అట్లనే ఇడిసి పోతి. వాండ్లకు మాటలు రాలేదా? ఇట్ల నా పక్క చూడు. కాదు అత్తా అను. మొదట ఆ ఒక్క మాట అను."

"కాదు."

"గట్టిగా."

"కాదు అత్తా. ఇది నా తప్పు గాదు. నీ తప్పు గూడా గాదు."

"అంతే. మల్లా అను."

"నా తప్పు గాదు. నీ తప్పు గూడా గాదు. సోమవారం వాన్ని కర్నూలుకు తీసుకపోతా."

"అట్లనే చెప్పు. ఒక్క మాట గూడా మార్చద్దు. బ్రిడ్జి దాటె, లెయ్ ఇంక. రోంత జరగండప్పా, ఈ పాప దిగల్ల."

"అక్కా, సోమవారం నువ్వు తోడొస్తావు గదా?"

"వస్తా. అదిగో, కిందనే నిలబడి ఉండాది మీ అత్త. ఏంటిది, పిల్లోని చెవులకు కొంగు చుట్టి పట్టుకున్యాది?"

"బస్సు హారన్ వానికి పడదు."

"ఎవురు చెప్పిరి ఆమెకు అట్ల చేయమని?"

"ఎవురూ చెప్పలేదు. దిగుతాండా అక్కా."

"వస్తివా జ్యోతీ. రా, వీన్ని ఎత్తుకో, బ్యాగు ఇట్లియ్యి. ఏం నేర్పించిరమ్మా ఇన్ని దినాలు?"

"ఏం లేదత్తా. పాటలు. పిల్లోల్ల పాటలు నేర్పించిరి."

"అంతేనా? వీని గురించి ఎవురినన్నా ఏమన్నా అడిగొస్తావని ఎదురు చూస్తాంటి."