అప్పలసూరి ఒక్కడే రోలర్ కోస్టర్ ఎక్కిన ఆదివారం

మల్కాపురంలో సన్యాసమ్మ టీ బడ్డీ ముందు సాయంత్రం పూట అప్పలసూరి నోరు విప్పాడంటే ఆటోవాళ్ళు కూడా బేరాలు వదులుకుని కూర్చుంటారు. కంపెనీల్లో మరమ్మతుల కోసం పరంజాలు కట్టడం అతని పని. ఒకడు పైపు పట్టుకుంటే ఇంకొకడు క్లాంపు బిగించాలి కాబట్టి ఆ పనికి ఎప్పుడూ జత ఉండాల్సిందే. అప్పలసూరి జతగాడు సత్యం. వానాకాలంలో ఒకరోజు తడి పలక జారి ఇద్దరూ బెల్టుల మీద వేలాడారు. ఒంటి మీద గీత పడలేదు. ఆ తర్వాత మళ్ళీ పైపని రాలేదు. ఇప్పుడొచ్చింది. రేపు పొద్దున ఇద్దరికీ హైట్ పాస్ టెస్టు. ఎత్తు మీద సన్నటి దూలం దాటి చూపిస్తే డాక్టరు కార్డిస్తాడు. లేకపోతే కిందే ఉండి, నిన్నటిదాకా తన కింద పని చేసినవాళ్ళకి పైపులు అందించుకోవాలి.

ఆ టెస్టు మాట ఎవరూ ఎత్తకూడదని బడ్డీ దగ్గర అందరూ జాగ్రత్తగా ఉన్నారు. అప్పలసూరే ఎత్తాడు.

“రేపు టెస్టంటే నాకేటి లెక్క సత్యం బావా? మొన్న ఆదోరం నానేటి సేసానో తెలిస్తే ఆ డాక్టరే లేచొచ్చి కార్డు నా జేబులో ఎట్టీసి దండమెట్టీగలడు. రుషికొండ దాటినాక కొత్తగా పార్కెట్టారు కదా, అందులో రోలర్ కోస్టరున్నాది సూడు, అక్కడికి ఒక్కడినే ఎల్లాను. ఇంటిదాన్ని తీసుకెల్లలేదు, పిల్లల్ని తీసుకెల్లలేదు. నా ఊపు సూసి ఆలు జడుసుకుంటారని.”

“ఒక్కడివే ఎల్లి ఆడుకున్నావేటి?” అంది సన్యాసమ్మ, పాలగిన్నె మీంచి కళ్ళు తీయకుండానే.

“ఆటేటప్పా, అది ప్రాక్టీసు. పొద్దున గేటు తియ్యకముందే ఎల్లి నిలబడ్డాను. లోపలికెల్లి గబుక్కున ఎక్కీసాననుకుంటన్నారేమో, ఎక్కలేదు. మనం ఎవులం? పరంజాలోలం. సెక్ చేసి పచ్చ ట్యాగు కట్టందే పరంజా మీద కాలెట్టం కదా. ఆ పట్టాల కింద స్తంభం స్తంభానికీ ఎతికాను, ట్యాగు లేదు. మీట కాడ కూకున్న పిల్లని అడిగాను, ‘ఏటమ్మా, ట్యాగేదీ, ఎవులు సెక్ చేసారు?’ అని. ‘అంకుల్, ఎక్కితే ఎక్కండి, లేకపోతే లైన్లోంచి తప్పుకోండి’ అంది. సరే, సదువుకున్న పిల్ల, మన పని ఏటి తెలుస్తాది. నానే బోల్టులు తట్టి సూసుకుని ఎక్కాను. ముందు సీటు. ఎనక కాలేజీ గుంటలు అప్పుడే అరుత్తన్నారు, ఇంకా కదల్లేదు బండి. నాను కాలు మీద కాలేసుకున్నాను.”

“ఆ సీట్లో కాలు మీద కాలెలగేస్తావు? ఒళ్ళో కడ్డీ ఉంటాది కదా” అన్నాడు ఆటో నూకాలు.

“నువ్వు ఎక్కావేటి? లేదు కదా. ఎక్కనోడు ఇనాల. మొదటి రౌండు అయిపోనాది. నాకేటీ అవలేదు. రెండో రౌండుకి నిద్దరొచ్చింది. మూడో రౌండుకి టీ గ్లాసు అట్టుకుని ఎక్కాను. బండి తలకిందులుగా తిరుగుతాది సూడు, అక్కడ గ్లాసు కూడా తలకిందులయ్యింది. ఒక్క సుక్క ఒలికితే ఒట్టు. తలకిందులుగానే తాగీసాను. అప్పా, ఏమనుకోకు, నీ టీ కన్నా బాగున్నాది.”

అతను చేతిలో గ్లాసు ఎత్తి ఎలా తాగాడో చూపించబోయాడు. సగం టీ లుంగీ మీద పడింది. “వేడిగున్నాది” అని తుడుచుకున్నాడు. ఆ టీ తీసుకుని అరగంటయింది. సత్యం అతని చేతినే చూస్తున్నాడు.

“అన్నిటికన్నా పైకెల్తాది సూడు ఒకసోట, అక్కడ బండి నిమ్మదిస్తాది. టక్, టక్, టక్ మని సప్పుడు. అప్పుడు సుట్టూ సూసాను. ఓలమ్మ, ఇసాపట్నం ఇసాపట్నమంతా అరచేతిలో ఉన్నాది. సిమాచలం కొండ, పోర్టులో క్రేన్లు, ఇంకా సూత్తే నూకాలు ఆటో. గోపాలపట్నం కాడ ట్రాఫిక్ పోలీసు ఆపాడు నిన్ను, ఆపాడా లేదా?”

“నన్ను రోజూ ఆపుతాడు” అన్నాడు నూకాలు.

“మరదే. ఈ బడ్డీ కూడా అగుపించింది. అప్పా, నువ్వు అటు తిరిగి కబుర్లాడతన్నావు, పాలు పొంగిపోతన్నాయి. అప్పా, పాలూ అని అక్కడ్నించే కేకేసాను.”

“అందుకేనేటి అప్పుడు సరీగా మంట తగ్గించాను” అంది సన్యాసమ్మ.

“కిందకి మటుకు సూడకూడదు బావా. కిందకి సూసామంటే, ఆ టక్ టక్ ఆగిపోయి, ఏదో జారినట్టు కాళ్ళ కిందంతా ఖాళీ అయిపోయి...” అప్పలసూరి ఆగాడు. నుదురు తుడుచుకున్నాడు. కూర్చున్న బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు. “అలగని మిగతావోళ్ళు సెప్పుకుంతన్నారు. నాకేటీ అవలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నువ్వు సెప్పకపోతే ఎలగ తెలుస్తాది?” అన్నాడు నూకాలు.

“సంచిలో నా బెల్టు తీసుకెల్లాను. రెండు కొక్కేల బెల్టు, పనిలో కట్టుకుంతాం కదా, అదే. ఈసారి అది కట్టుకునెక్కాను. మనకి మేస్త్రీ ఏటి నేర్పాడు? కదిలీదానికి కొక్కెం తగిలించకు, పాతుకున్నదానికే తగిలించు అని. ఇన్నేళ్ళ అలవాటు, సెయ్యి ఊరుకోదు. సీట్లో కూకున్నాను, కొక్కెం తీసుకెల్లి పక్కనున్న స్తంభానికి తగిలించీసాను.”

నూకాలు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. “మరింకేటి, నువ్వు స్తంభం కాడే ఏలాడుంటావు, బండి ఎల్లిపోయుంటాది.”

“ఇంకెవుడైనా అయితే అదే అయ్యీది. బెల్టు తెగదు, నాను సీటొగ్గను. మోటారు గింజుకున్నాది, గింజుకున్నాది, ఆకరికి ఆ స్తంభం పునాదితో సహా ఊడొచ్చీసింది. దానెనక ఇంకో స్తంభం. ఆనపకాయ తీగ లాగితే పందిరంతా వొచ్చినట్టు పట్టాలన్నీ లేచిపోనాయి. నాను ముందు, ఎనక బండి, బండెనక పట్టాలు, అందరం గాల్లో. కైలాసగిరి మీంచి ఎల్తన్నాం. అక్కడ ఫొటోలు దిగీవోలు సేతులూపారు, నానూ ఊపాను. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ అద్దంలో మొహం సూసుకుని మీసం సరి సేసుకున్నాను.”

“ఇనీవోడు ఎర్రోడైతే సెప్పీవోడు ఏదాంతి” అంది సన్యాసమ్మ. కానీ గరిట పక్కన పెట్టేసి వింటోంది.

“ఎనకనున్న గుంటలు ఒకటే ఏడుపు. ‘అంకుల్, దింపండి’ అని. బయపడకండర్రా, మీకు నానున్నాను అన్నాను. సముద్రం మీదకెల్లిపోనాం. ఓడలోలు మమ్మల్ని సూసి సైరన్లు కొట్టారు. అండమాను కనిపించింది, అక్కడ మా ఊరోడొకడు కొబ్బరిబొండాలు కోత్తన్నాడు, ఒకటిసిరాడు, పట్టుకున్నాను. అక్కడ్నించి సందమామ ఎంత దూరమనుకున్నావు? రెండో కొక్కెం కాళీగానే ఉన్నాది కదా, ఇసిరి సందమామకి తగిలించీసాను. పాతుకున్నదానికే కదా తగిలించాల. అలగ ఏలాడి, ఊగి, ఒక్క ఊపుకి బండినీ పట్టాలనీ పార్కులో దింపీసాను. స్తంభాలు ఏ గోతిలోవి ఆ గోతిలో కూకున్నాయి. క్లాంపులు నానే బిగించాను. అప్పుడు ఆ మీట కాడ పిల్ల లెగిసొచ్చి ఏటందో తెలుసా? ‘అంకుల్, మీకు బయమెయ్యదా?’ అంది. బయమంటే ఏటమ్మా, అది ఏ రంగులో ఉంటాది అన్నాను.”

“మాటలు కోటలు దాటుతాయి” అన్నాడు నూకాలు. మిగతా సగం సామెత మాత్రం మింగేశాడు.

“అందుకే సెప్తన్నాను సత్యం బావా, రేపు టెస్టులో నువ్వు నన్ను సూసుకుని దైర్యంగా ఉండు. ఎల్లుండి పైకెక్కినప్పుడు పైపు నా సేతిలో ఎట్టీసి నిశ్చింతగా క్లాంపు బిగించుకో. నా సెయ్యి వణకదు.”

సత్యం గ్లాసు కింద పెట్టాడు.

“బావా, నువ్వు ఎక్కలేదు.”

“ఏటీ?”

“ఒక్కసారి కూడా ఎక్కలేదు. లైన్లో నిలబడ్డావు, నీ వంతొచ్చీసరికి ఎనకోడిని ముందుకి పంపీసావు. అలగ సాలాసార్లు. తర్వాత ఎల్లి బెంచీ మీద కూకున్నావు. ఎక్కీవోలు సెప్పులు విప్పీసి, ‘అంకుల్, కొంచెం సూడండి’ అని నీ కాడ ఎట్టి ఎల్లారు. సాయంత్రందాకా ఊరందరి సెప్పులూ కాసావు. బెల్టు సంచిలోంచి తియ్యనేలేదు. బండి పైకెల్లినప్పుడల్లా కళ్ళు మూసుకున్నావు, కిందనుండే.”

అప్పలసూరి మొహంలో రక్తం లేదు. రేపటి కార్డూ, ఎల్లుండి పనీ, ఇన్నేళ్ళ పేరూ అన్నీ ఈ బల్ల మీదే పోయినట్టు కూర్చున్నాడు. నూకాలుకి జాలేసింది. “నీకెవుడు సెప్పాడు సత్యం? ఎవుడో అన్న మాట పట్టుకుని...” అన్నాడు.

“ఎవుడూ సెప్పలేదు. ఎనక బెంచీ మీద నానున్నాను.”

సన్యాసమ్మ స్టవ్ తగ్గించింది.

“నానూ ఎక్కుదామనే ఎల్లాను” అన్నాడు సత్యం. “ఇంట్లో సర్చికెల్తన్నానని సెప్పాను. ఆ పలక జారిన కాడ్నించి మేడ మెట్లెక్కాలన్నా గోడ అట్టుకుంతన్నాను. నువ్వేటో పులిలాగ తిరుగుతన్నావు కదా, నీతో ఎలగ సెప్పను? బయపడీవోడితో జత కట్టనంతావని బయం. అక్కడ నిన్ను సూసాక ఇంకా బయమేసింది. పైన నాను జారితే పట్టుకునీవోడికి కూడా సేతులు ఆడవని.”

అప్పలసూరి లుంగీ మీద మరక మళ్ళీ తుడుచుకున్నాడు. “మరి అంత తెలిసినోడివి, నాను కైలాసగిరి దాటకముందే సెప్పొచ్చు కదా?”

“నువ్వే దిగుతావేమో అని సూసాను. సందమామ కాడికెల్లిపోనావు. ఇంక నానే దింపాల్సొచ్చింది.”

సన్యాసమ్మ అప్పలసూరి గ్లాసు మళ్ళీ నింపింది.

“రేపు డాక్టరు అడుగుతాడు, ఎత్తంటే బయముందా అని” అన్నాడు సత్యం. “ఉందనే సెప్తాను నాను. కింద పైపులందించుకుంతాను, బతికుంతాను. నీ మాటేటి బావా?”

అప్పలసూరి బల్ల అంచు మీంచి చెయ్యి తీసి సత్యం భుజం మీద వేశాడు.

“ముందు నీ పేరే పిలుస్తారు కదా బావా. ఎలాగూ సెప్తన్నావు కాబట్టి, ఇద్దరికీ అని సెప్పీ.”