బొమ్మను నిద్రపుచ్చింది

యూనివర్సిటీ క్యాంపస్‌లోని ప్లేస్కూల్ వరండాలో, మధ్యాహ్నం పూట, మూడేళ్ల సహస్ర తల్లిని టీచర్ కూర్చోబెట్టింది.

“మేడం, నిజం చెప్పున్రి. మా సహస్రకు ఇగ మాటలు రావా?”

“వస్తయమ్మా. ఇయ్యాల బొమ్మతోని మాట్లాడింది.”

“అబ్బ, నా పానం లేచొచ్చింది! తార్నాకల డాక్టరేమో చెవులు మంచిగనే ఉన్నయన్నడు. ఇంట్లనేమో నోరే తెరవదు. నేను ల్యాబ్ నుంచి పొయ్యేసరికి పండుకొనే ఉంటది.”

“ఈడికి గూడ నిద్రమత్తులనే వస్తది. బడి అయినంక ఎవరు చూసుకుంటరు?”

“మాణికేశ్వర్ నగర్ల మా పక్కింటి ఆంటీ. శాన మంచామె. ఒక్కనాడు ఏడుపు ఇనబడదు.”

“పిల్లలు చూసిందే ఆడుతరమ్మా. సహస్ర బొమ్మను ఒళ్లె పండవెట్టుకొని, సీసా మూతల మందు పోసినట్టు పోసింది. ‘తాగు, మమ్మీ వచ్చేదాంక లేవొద్దు’ అన్నది.”

“దగ్గు మందేమో, మేడం.”

“పిల్లకు దగ్గున్నదా?”

“...లేదు.”

“మింగేదాంక బొమ్మ ముక్కు గట్టిగ మూసి పట్టుకున్నది.”

“నా ఫోనేది? మేడం, నా ఫోన్ ఎటు వోయింది?”

“నీ చేతులనే ఉన్నది. భయపడకు, పిల్ల లోపల మా దగ్గర్నే ఉన్నది కద.”

“ఇది గాదు మేడం, దీని చెల్లె! పాలు తాగే పిల్ల. పొద్దుగాల్నే ఆ ఆంటీ చేతులల్ల పెట్టొచ్చిన. ఇందాక ఫోన్ చేస్తే, ‘చప్పుడు లేకుండ పండుకున్నది, నువ్వు నిమ్మలంగ పని చేసుకో’ అన్నది.”